చీమలు వేసిన హాజరు

టెష్ బయూ అనే నిదానపు ఏటి ఒడ్డున మాదాం అజెలీ కొట్లో పొద్దున్న ఆరింటికి కాఫీ దిగేసరికి ఉలీస్ బెర్జెరాన్ తన కుర్చీలో ఉంటాడు. ఆ కుర్చీ ఆయనదని ఎవరూ రాసివ్వలేదు గానీ, ఇంకెవరైనా అందులో కూర్చుంటే అజెలీ వాళ్ళకి కాఫీ పొయ్యదు. చెరకు తోటల్లో పురుగు లెక్క చూడటం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి ఒక్కో మడిలోకి దిగి, వంద గడలు పట్టుకుని, గడని చుట్టుకునుండే ఆకు మట్టలు ఒలిచి, లోపల తొలుచు పురుగు పిల్లలు బతికున్నవి ఎన్నో పుస్తకంలో రాసుకొస్తాడు. వందకి ఐదు దాటితే విమానంతో మందు కొట్టించమంటాడు. దాటకపోతే, మందు వద్దు, మిగతాది పురుగుల్ని తినే నిప్పుచీమలు చూసుకుంటాయంటాడు. ఆ మాట మీదే చుట్టుపక్కల పదకొండు మంది రైతులు చెరకు పండిస్తున్నారు.

ఆయనకి ఇంకో పని కూడా ఉంది. కోతలు కొయ్యడం. అందులో అనుభవం ముప్ఫై ఏళ్ళు కాదు, పుట్టినప్పటినుంచీ. మొహంలో ఒక్క గీత కదలదు, కంటికొసన నవ్వు మెరవదు. తద్దినం పెట్టే పంతులు మంత్రం చెప్పినంత నిబ్బరంగా చెప్పుకుంటూ పోతాడు.

ఆ సోమవారం రెనెల్ దూగా బండి దిగి లోపలికొచ్చేటప్పటికి గడియారం ఆరుంపావు చూపిస్తోంది. కాఫీ కూడా అడక్కుండా ఉలీస్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పసిబిడ్డప్పుడు చర్చిలో ఆమెకి జ్ఞానతండ్రిగా నిలబడింది ఈయనే. అందుకే ఊరందరికీ బాబాయి అయినవాడు ఆమెకి మాత్రం పరాన్.

"పరాన్, శనివారం లెక్క చెప్పు. గస్ ఏడింటికి ఫోన్ చేస్తాడు."

"రెండు," అన్నాడు ఉలీస్.

"వందకి రెండా?"

"వందకి రెండే. అందులో ఒకటి అప్పటికే సగం చచ్చుంది. మర్యాద కోసం దాన్నీ కలిపాను."

రెనెల్‌కి గుండె కుదుటపడాలి. పడలేదు. ఉలీస్ లెక్క చూడాల్సిన ఆమె పన్నెండెకరాలూ విత్తనపు చెరకు. ఆగస్టులో అది నరికి, గడలు గడలుగానే సాళ్ళలో పడుకోబెట్టి డెబ్బై ఎకరాలు నాటాలి. ఒకసారి నాటితే మూడేళ్ళు నరుకుతూనే ఉండొచ్చు. పురుగు తొలిచిన గడైతే గణుపు మీది కన్ను మొలవదు. నాటింది మొలవకపోతే మూడేళ్ళూ ఖాళీ సాళ్ళు చూసుకుంటూ కూర్చోవాలి. పైగా వాళ్ళ నాన్న పోయాక సొంత బుర్రతో ఆమె నాటబోతున్న మొదటి చెరకు ఇది. గస్ మందు విమానం ఇవాళే ఈ వైపు ఎగురుతుంది, ఇవాళ వద్దంటే మళ్ళీ వచ్చే సోమవారమే. పురుగు పిల్ల మట్ట కింద ఉన్నంతసేపే దానికి మందు తగులుతుంది. గడలోకి దూరిందంటే విమానం కాదు గదా దేవుడు దిగొచ్చినా తగల్దు. పోనీ ఎందుకొచ్చిన గొడవ, కొట్టించేద్దామా అంటే, ఆ మందుకి చీమలు కూడా చస్తాయి. చీమలు చచ్చిన మడిలో సెప్టెంబరు దాకా పురుగుదే రాజ్యం. అంచేత కావలసింది ఒక్క అంకె. నిజమైన అంకె.

"శుక్రవారం నాలుగంగుళాల వాన పడింది కదా," అంది రెనెల్, ఎడమ మణికట్టు గోక్కుంటూ. "సాళ్ళలో పిక్కల్లోతు బురద. ఎలా దిగావ్?"

శుక్రవారం వాన ముందు ఆమె మడి గట్టు మీద తూము మూయడానికి రెండు నిమిషాలు నిలబడిందంతే. నిప్పుచీమలు నాలుగుచోట్ల కుట్టాయి. ఆ నాలుగూ ఇప్పుడు తెల్లటి చీముపొక్కులై కూర్చున్నాయి. వారం దాకా పోవవి.

ఉలీస్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. ఆ పెట్టడం చూసే, కోత మొదలవుతోందని, పక్కబల్ల దగ్గర క్లియోఫాస్ తన కుర్చీ ఇటు తిప్పేశాడు. క్లియోఫాస్ రెనెల్ దగ్గర ట్రాక్టరు తోలతాడు, ఉలీస్‌తో కలిసి చదువుకున్నాడు, ఇద్దరూ ఒకే ఏడు చదువు మానేశారు.

"వినవే అజెలీ," అన్నాడు ఉలీస్. "ఈ పిల్లకి నడక నేర్పిందెవరు, చెరకు గడ చీల్చడం నేర్పిందెవరు, ఇవాళ నన్నే ఎలా దిగావని అడుగుతోంది. దిగాను తల్లీ. గంటలో వంద గడలు చూసి బయటికొచ్చా."

"వంద గడలకి రెండు గంటలు పడుతుంది కదయ్యా," అంది అజెలీ గిన్నెలోంచి బూడాన్ ముక్కలు తీస్తూ. అన్నమూ పంది మాంసమూ కూరిన ఆ పేగుముక్కల వాసన కొట్టంతా నిండింది.

"కళ్ళతో చూసేవాడికి రెండు గంటలు. నేను చెవితో చూస్తా. గడకి చెవి ఆనిస్తే లోపల పురుగు నమిలే చప్పుడు వినిపిస్తుంది. చిన్న పిల్లదైతే చప్పరించినట్టుంటుంది, పెద్దదైతే మా అత్తగారు పెకాన్ పప్పులు కొరికినట్టుంటుంది. చప్పుడు లేకపోతే పక్క గడ. అంతే, దానికి ఒలిచేదేముంది? అయినా ఒక మాట ఒప్పుకుంటా, నేను అబద్ధం ఆడను కదా. అందులో నా గొప్ప సగమే. మిగతా సగం చీమలది."

"ఏ చీమలు?" అన్నాడు క్లియోఫాస్. తెలిసే అడిగాడు, బండి ఆగిపోకుండా నెట్టడానికి.

"నా చీమలు. ఒరే, పెద్ద తుఫాను వచ్చిన ఏడు గుర్తుందా, బయూ పొంగి అజెలీ కొట్లో చేపలు ఈదిన ఏడు? ఆ ఏడు వీళ్ళ మడి అంతా నడుం లోతు నీళ్ళు. నేను పుట్టల సంగతి ఏమైందో చూద్దామని పడవేసుకుని వెళ్ళా. చూద్దును కదా, చీమలన్నీ ఒకదాని కాలు ఒకటి పట్టుకుని తెప్పలా తేలుతున్నాయి. అది అందరికీ తెలిసిందే, వరదొస్తే చీమలు అలాగే తేలతాయి. తెలియనిదేమిటంటే, ఆ తెప్ప మధ్యలో ఉండాల్సిన రాణిచీమ జారి నీళ్ళలో పడి మునకలేస్తోంది. నేను టోపీ తీసి ముంచి, దాన్ని పైకి తీసి, నీళ్ళు తుడిచి, తెప్ప మీద పెట్టా. అంతే, నా పడవ మునిగిపోయింది."

"రాణిచీమ బరువుకా?" అంది అజెలీ.

"చిల్లుకి. పడవకి చిల్లుంది, నేను చూసుకోలేదు. పడవ పోయింది, నేను నీళ్ళలో ఉన్నా, ఈత రాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెప్ప ఆగింది. ప్రవాహానికి ఎదురుగా ఆగింది, గమనించండి. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఎక్కా. మొదట కూర్చున్నా, మర్యాద కాదని నిలబడ్డా. తొమ్మిది మైళ్ళు. ఒక్కో మడి దగ్గర తెప్ప ఆగేది, ఒక వెయ్యి చీమలు దిగేవి, నేను చెయ్యూపేవాణ్ణి, మళ్ళీ కదిలేది. ఇవాళ ఈ పరగణాలో ఏ మడిలో చీమలున్నాయన్నా అది ఆ రోజు నేను దింపినవే."

"తొమ్మిది మైళ్ళూ నీ కాళ్ళ కింద చీమలుంటే ఒక్కటీ కుట్టలేదా?" అన్నాడు క్లియోఫాస్.

"అక్కడే ఉంది అసలు సంగతి." ఉలీస్ ఎడమ చొక్కా చెయ్యి సర్దుకున్నాడు. "కుట్టకుండా ఉండడం వాటి చేతిలో లేదురా, పుట్టుబుద్ధి. కానీ కృతజ్ఞత ఉంది. అందుకని మధ్యేమార్గం చూసుకున్నాయి. నేను మడిలోకి దిగిన ప్రతిసారీ ఒకే ఒక్క చీమ వస్తుంది. ఎడమ మణికట్టు మీద ఒకే ఒక్క కాటు. హాజరు వేసినట్టు. వేసి పోతుంది, మిగతావి దారిస్తాయి. ఇన్నేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. ఒకసారి వంట్లో బాలేక మా తమ్ముణ్ణి నా చొక్కా తొడిగి పంపిస్తే, వాసన పట్టేసి వాణ్ణి కాలువ దాకా తరిమాయి."

రెనెల్ గోకడం ఆపింది. ఏదో అనబోయి గడియారం వైపు చూసింది. ఆరున్నర.

"పరాన్, రెండు అంటే రెండేనా? మడి వెనక కాలవ పక్కకి కూడా వెళ్ళావా? అక్కడ గడలు చూశావా?"

"చెబుతున్నా కదమ్మా, అక్కడికే వస్తున్నా. అసలు నేను లెక్కపెట్టడమే మానేశాను, తెలుసా? చీమలే పెట్టిస్తాయి. శుక్రవారం రాత్రికి మడంతా తిరిగి, దొరికిన పురుగుని దొరికినట్టు లాక్కొచ్చి గట్టు మీద వరస పేర్చేస్తాయి. పదేసి చొప్పున. పదో పురుగు అడ్డంగా, లెక్క తప్పకుండా. నేను పొద్దున్నే వెళ్ళి చూసుకుని, సరిగ్గా ఉందని తలాడిస్తే తినేస్తాయి. ఒకసారి ఒక వరసలో తొమ్మిదే ఉన్నాయి. ఏవిటర్రా ఇది అన్నా. ఒక ముసలి చీమ తలొంచుకుని ముందుకొచ్చింది. ఆకలికి ఆగలేక తినేసిందట పాపం. సరే పో అన్నాను, మనకీ వయసు మీద పడుతోంది కదా."

అజెలీ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. క్లియోఫాస్ మాత్రం గంభీరంగా, "చీమ మొగదా ఆడదా?" అని అడిగాడు.

"ఆ పూటకి అడగడం బావుండదని ఊరుకున్నా. అయితే చీమలొక్కటే అయితే గొడవే లేదు. కందిరీగలున్నాయి చూడు, నుసుమంత చిన్నవి, పురుగు పిల్ల వంట్లోనే గుడ్లు పెట్టేవి? వాటికి కోపమొచ్చింది. మేం గుడ్లు పెట్టుకున్న పురుగుల్ని మీ చీమలు లాక్కుపోతున్నాయి, మా పిల్లలు ఏం కావాలి, అని మా వరండాలోకొచ్చి కూర్చున్నాయి. మా ఆవిడ దీపం ఆర్పేసినా పోలేదు. న్యాయమే కదా? ఇద్దర్నీ పిలిపించా. పిలిపించి, మధ్యాహ్నం పన్నెండు దాకా మడి కందిరీగలది, పన్నెండు దాటాక చీమలది, ఆదివారం ఎవరూ వేటాడకూడదు, అని ఒప్పందం చేశా."

"ఆదివారం పురుగులకి సెలవన్నమాట," అంది అజెలీ.

"పురుగులు కూడా దేవుడి సృష్టేనే. అయితే ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆదివారం సెలవని పురుగులకి తెలిసిపోయింది. శనివారం రాత్రి చుట్టుపక్కల మడుల్లో పురుగులన్నీ మూటాముల్లే సర్దుకుని వీళ్ళ మడిలోకి వచ్చేసేవి. ఆదివారం అక్కడ తిరనాళ్ళే. అప్పుడు నేనేం చేశానంటే…"

"పరాన్," అంది రెనెల్. "ఆరూ నలభై అయింది."

"గస్ సంగతికే వస్తున్నా తల్లీ, కంగారుపడకు. పోయినేడు జులైలో గస్ విమానమేసుకుని వచ్చాడు. పక్క మడికి కొట్టాల్సిన మందు పొరపాటున వీళ్ళ మడికి కొట్టబోతున్నాడు. నేను గట్టు మీదున్నా. చెయ్యూపా, టోపీ ఊపా, చొక్కా విప్పి ఊపా. వాడికి కనపడ్డం లేదు. చెరకు కొనలకి పదడుగుల ఎత్తులో వచ్చేస్తున్నాడు. ఆ మందు పడిందంటే నా చీమలన్నీ ఆఖరు. అప్పుడు ఒక్క మాట అన్నాను, ఒకే ఒక్క మాట: 'ఎత్తండి' అన్నా."

"ఏం ఎత్తాలి?" అన్నాడు క్లియోఫాస్. ఈసారి నిజంగానే అడిగాడు.

"మడి. పన్నెండెకరాలూ. ఒక్కో గడకి నాలుగు వందల చీమలు, వేళ్ళు కదలకుండా మట్టితో సహా ఎత్తి, కాలవ దాటించి అవతలి గట్టు మీద దించాయి. గస్ మందు కొట్టాడు, ఉత్త బురద మీద పడింది. వాడికి తెలీదు, ఇప్పటికీ తెలీదు, మీరు చెప్పకండి, నొచ్చుకుంటాడు. వాడు వెనక్కి తిరిగి పోయాక మళ్ళీ ఎత్తి ఎక్కడివక్కడ పెట్టేశాయి. కాకపోతే కంగార్లో ఒక వరస తిరగేసి పెట్టాయి. నమ్మకపోతే చూసుకోండి, తూర్పు అంచున చివరి సాలు పడమటికి వాలుంటుంది."

"అది గాలికి వాలింది," అంది రెనెల్.

"గాలికి అయితే అన్ని సాళ్ళూ వాలవూ?" అన్నాడు ఉలీస్, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు. "సరే అది వదిలెయ్. ఈ ఏడు ఇంకో అడుగు ముందుకేశాం. మిల్లులో పని మొదలయ్యాక గడల్ని బళ్ళ మీద తోలడం దేనికని నేనూ రాణిచీమా…"

రెనెల్ జేబులో ఫోన్ మోగింది. గస్. ఆరూ యాభై ఎనిమిది. రెనెల్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది, ఎత్తలేదు. అది మోగుతూనే ఉంది.

"పరాన్, ఎడమ చెయ్యి ఇలా పెట్టు."

"ఎందుకమ్మా?"

"పెట్టు, చెబుతా."

ఉలీస్ చెయ్యి బల్ల మీద పెట్టాడు. రెనెల్ ఆయన చొక్కా చెయ్యి గుండీ తీసి మోచేతి దాకా మడిచింది. ముడతలు, మచ్చలు, ఎప్పుడో మట్ట కోసిన గీతలు ఉన్నాయి. పక్కనే తన చెయ్యి పెట్టింది, నాలుగు తెల్లటి పొక్కులతో.

"నేను శుక్రవారం గట్టు మీద రెండు నిమిషాలు నిలబడ్డాను. నాకు నాలుగు. నువ్వు శనివారం మధ్యలోకి దిగి వంద గడలు చూశానంటున్నావు. ఇన్నేళ్ళలో ఒక్క వారం తప్పలేదన్నావు. శనివారం హాజరేది పరాన్?"

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. క్లియోఫాస్ మెడ చాచి ఆ చెయ్యి చూశాడు, మణికట్టు అటూ ఇటూ తిప్పి కూడా చూశాడు.

"నిన్న ఆదివారం కదా," అన్నాడు ఉలీస్. "చర్చి గుమ్మంలో పవిత్రజలంలో చెయ్యి ముంచాను. అది తగిలితే…"

అని ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు. అజెలీ కూడా నవ్వలేదు. రెనెల్ మొహం చూశాక ఆయనకి మాట ముందుకు సాగలేదు. ఆ మొహం వాళ్ళ నాన్న మొహంలానే ఉంది, పైగా భయపడి ఉంది. ఉలీస్ చొక్కా చెయ్యి తనే కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు.

"వెళ్ళలేదమ్మా," అన్నాడు. "మూడు వారాల్నుంచి నీ మడిలోకి దిగట్లేదు. మిగతా వాళ్ళవి మెరక, ఎలాగో చూస్తున్నా. మోకాలు. తడి సాల్లో అడుగేస్తే పట్టు తప్పుతోంది. మొదటి వారం గట్టు మీద నిలబడి నాలుగు గడలు చూశా. రెండో వారం బండి దిగకుండా చూశా. శనివారం ఇక్కడే ఉన్నా."

"మరి రెండు అని ఎలా రాశావ్?"

"పోయినేడు ఆ వారం రెండే వచ్చాయి."

"నా విత్తనం పరాన్ అది!" అంది రెనెల్. గొంతు పెద్దదైంది. "మోకాలు నొప్పి అంటే నేనే దిగేదాన్ని కదా! ఒక్క మాట చెబితే పోయేదానికి, మూడు వారాలు నన్ను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టావు!"

ఉలీస్ తల దించుకుని ఉన్నాడు. కోతలు కోసేటప్పుడు ఎంత తేలిగ్గా చెప్పేవాడో, ఇప్పుడు ఒక్క మాటకి అంత తడుముకున్నాడు. "చెబితే ఇక నన్నెవరు పిలుస్తారమ్మా," అన్నాడు చివరికి.

రెనెల్ ఫోన్ తీసి గస్‌కి చేసింది. "గస్, ముందు మిగతా వాళ్ళవి కొట్టు, నాది ఆఖరికి పెట్టుకో. ఎంతసేపు ఆగగలవ్? తొమ్మిదిన్నరా? సరే." ఫోన్ పెట్టేసి లేచింది. "క్లియోఫాస్ మామా, పద. పరాన్, నువ్వూ పద. బకెట్టు ఒకటి తెచ్చుకో, కూర్చోడానికి."

గట్టు మీద బకెట్టు బోర్లించి ఉలీస్‌ని కూర్చోబెట్టారు. చేతిలో పుస్తకం, పెన్సిలు. రెనెల్ మడి ముందు సగంలోకి, క్లియోఫాస్ వెనక కాలవ వైపుకి దిగారు. బురద బూట్లు పీకేస్తోంది. చెరకు తలకన్నా ఎత్తుంది, లోపల గాలి ఆడదు, మట్టల అంచులు మెడ మీద గీసుకుంటున్నాయి. ఒక్కో గడ పట్టుకోవడం, మట్ట ఒలవడం, వెనక్కి తిప్పి చూడడం, లేదనుకుంటే ఇంకోటి. యాభై గడలకి రెనెల్‌కి ఒకే ఒక్క పురుగు దొరికింది, గోరుముక్కంత.

బయటికొచ్చి "ఒకటి" అంది.

పావుగంట తర్వాత క్లియోఫాస్ బురద ముద్దలా వచ్చాడు. "ఏడు. అన్నీ మట్ట కిందే ఉన్నాయి, ఇంకా దూరలేదు."

ఉలీస్ పుస్తకంలో రాశాడు. ఒకటీ ఏడూ, వందకి ఎనిమిది. రెనెల్ కళ్ళు మూసుకుంది. వచ్చే సోమవారానికి ఆ ఏడూ గడల్లో ఉండేవి. పుస్తకంలో మాత్రం రెండు అనే ఉండేది.

"కొట్టించేస్తా," అంది ఫోన్ తీస్తూ. "మొత్తం."

"ఆగు," అన్నాడు ఉలీస్. గొంతు మారింది. కొట్లో గొంతు కాదది. చిన్నప్పుడు ఆమె చేత గడ చీల్చించిన రోజు గొంతు. "ఇద్దరూ చేతులు చూపించండి."

రెనెల్ చేతుల మీద మోచేతి దాకా ఎర్రగా దద్దుర్లు, ఇంకా మండుతూనే ఉన్నాయి. క్లియోఫాస్ చేతులు బురద తుడిచి చూస్తే ఒక్క దద్దురు లేదు.

"చూశావా," అన్నాడు ఉలీస్. "వెనక కాలవ పొంగి చీమలు తేలిపోయాయి. అందుకే అక్కడ ఏడు. ముందు వైపు చీమలు ఇంకా ఉన్నాయి, అందుకే ఇక్కడ ఒకటి. వెనక సగానికే కొట్టించు. ముందు సగం మీద చుక్క పడనివ్వకు. అవి ఉంటే నెల తిరిగేలోగా వెనక్కి కూడా పాకుతాయి."

రెనెల్ గస్‌కి చెప్పింది, వెనక ఆరెకరాలేనని, ఎత్తు తక్కువలో కొట్టమని, గాలి ఇటు తిరిగితే ఆపెయ్యమని. ముగ్గురూ బండి దగ్గర నిలబడి, విమానం కాలవ వైపు మూడుసార్లు వచ్చి వెళ్ళడం చూశారు. ముందు సగం మీద చుక్క కూడా పడలేదు.

"ఈసారి ఎత్తమనలేదేం?" అన్నాడు క్లియోఫాస్.

ఉలీస్ పుస్తకం మూసి పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్న రెనెల్ కొట్లోకి వచ్చేసరికి గడియారం ఆరుంపావు. ఉలీస్ తన కుర్చీలో ఉన్నాడు, పక్కన కొత్త చేతికర్ర. శనివారం రెనెల్, క్లియోఫాస్ దిగారు, ఆయన బకెట్టు మీద కూర్చుని పుస్తకం రాశాడు. వెనక వైపు రెండు, ముందు వైపు ఒకటి. ఆ లెక్క రెనెల్ కళ్ళారా చూసిందే. ఇవాళ అడగాల్సిందేం లేదు. కాఫీ కోసం వచ్చింది.

"ఏవయ్యా," అంది అజెలీ కాఫీ పోస్తూ. "నువ్వు కూడా లోపలికి దిగావట, నిజమేనా?"

ఉలీస్ అటూ ఇటూ చూశాడు. నోరు తెరిచాడు. మళ్ళీ మూసి, ఎడమ చొక్కా చెయ్యి గుండీ తీసి, నెమ్మదిగా పైకి మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టాడు. మణికట్టు మీద మూడు పొక్కులున్నాయి. తెల్లటివి, నిఖార్సయినవి. క్లియోఫాస్ వంగి లెక్కపెట్టి తలాడించాడు.

"మూడడుగులే వెళ్ళా, కర్ర పట్టుకుని," అన్నాడు ఉలీస్. "మూడంటే మూడే. నేను అబద్ధం ఆడను కదా."

"అంతేనా?" అంది రెనెల్.

"అంతే. ఒక్క పురుగు కనిపించింది. మరీ పెద్దదేం కాదు." ఆయన కప్పు బల్ల మీద పెట్టాడు. "మన చర్చి గంటంత ఉంటుందేమో."

రెనెల్ ఆ మూడు పొక్కుల వైపు ఇంకోసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.